మానని గాయం, అడగని మొక్కు

చిలుకూరు బాలాజీ సన్నిధిలో మొక్కుకొక లెక్క ఉంది. కోరిక చెప్పుకొని 11 ప్రదక్షిణలు, అది నెరవేరిన పిదప 108. హుండీ లేని గుడి. పై చదువులకు విదేశాలు వెళ్ళే పిల్లలు చేరడంతో స్వామికి 'వీసా బాలాజీ' అన్న పేరే స్థిరపడింది. శంకర్‌పల్లి వాడినైన నాకు ఆయన పొరుగువాడే. అక్కడికి వెళ్ళినప్పుడల్లా ఒక సందేహం కలిగేది: కోరిక లేక, నొప్పి మాత్రమే ఉన్నవాడు ఏమని మొక్కుకోవాలి?

దీనికి సమాధానం అదే దారిలో, గోల్కొండలో ఉన్నదనిపిస్తుంది. 17వ శతాబ్దిలో తానీషా ఏలుబడిలో కంచెర్ల గోపన్న అక్కడ చెరలో ఉన్నాడు. ఆయన 12 ఏళ్ళు అక్కడే మగ్గాడని ప్రతీతి. ఒక కీర్తనలో, తాను చేయించిన నగలకు ఒక్కొక్కదానికీ లెక్క చెప్పి రాముణ్ణి నిలదీస్తాడు. ఆ వెంటనే, దెబ్బల బాధకు తాళలేక తిట్టానని మన్నింపు వేడుకుంటాడు. పాఠం చెప్పే రోజుల్లో దానిని నిందాస్తుతి అని పేరుపెట్టి ముందుకు సాగేవాణ్ణి. ఇప్పుడది వైద్యుని ముందు కట్టు విప్పడంగా కనిపిస్తోంది. అంతర్యామికి తెలియనిది లేదు, నిజమే. కాని కట్టు విప్పితే తప్ప మనకు మన పుండు కనపడదు.

నా సంగతి చెబుతాను. చాలా ఏళ్ళ క్రితం మా ఇంట పొలం పంపకాల మాట వచ్చినప్పుడు, పెద్దలలో ఒకరు "పద్యాలు చెప్పుకొనేవాడికి భూమెందుకు?" అన్నారు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఎవరడిగినా నాకేమీ బాధ లేదనే చెప్పాను. ఒకసారి బస్సులో వెళుతుండగా మా ఆవిడ, "మన పొలం రాగానే మీరు అటు తిరిగి కూర్చుంటారేమండీ?" అని అడిగింది. జవాబు దొరకలేదు.

పదవీ విరమణ తరువాత ఒకనాడు చిలుకూరులో ఏ కోరికా లేకుండా ప్రదక్షిణలు మొదలుపెట్టాను. "స్వామీ, లోపల ఏముందో నీవే చూడు" అన్నదొక్కటే నా విన్నపం. మొదటి చుట్లలో ఆ పెద్దమనిషి మీద కోపమే పైకి వచ్చింది. తరువాత కోపం కింద ఇంకొకటి కనబడింది. ఆ మాట అన్నప్పుడు మా నాన్నగారు పక్కనే కూర్చొని ఉన్నారు. ఆయన నవ్వలేదు, వారించనూ లేదు. నన్ను కోసినది ఆ మాట కాదు, ఆ మౌనం. ఎందుకు మాట్లాడలేదని అడుగుదామంటే ఆయన లేరు. ఇక ఎవరి ముందు పెట్టాలి ఆ ప్రశ్న? అక్కడే పెట్టి వచ్చాను. కళ్ళు తుడుచుకోవడంలో చుట్ల లెక్క తప్పింది.

మన భాషలో 'మాను' అనే క్రియకు రెండర్థాలున్నాయి. పుండు మానుతుంది, మనిషి అలవాటు మానుతాడు. నయమగుటకూ విడిచిపెట్టుటకూ తెలుగువాడు ఒకే మాట వాడుకున్నాడు. పుండును గోకడం మానినప్పుడే అది మానుతుందని కాబోలు!

నాది మానిందని చెప్పను. భూతకాలంలో చెప్పే ధైర్యం ఇంకా రాలేదు. మానుతోంది. మొన్న అదే బస్సులో పొలం వైపు కిటికీ దగ్గర కూర్చున్నాను. ఎవరో జొన్న వేశారు. పంట బాగానే ఉంది.