ముప్పందలు గాలిమరలు

తిరునెల్వేలినుండి నాగర్కోవిలునకు బోవు దారిలో ఆరల్వాయిమొళి యను కనుమ గలదు. సహ్యపర్వతములు దక్షిణమున ముగియబోవుచు ఇచ్చట కొంచెము త్రోవ విడిచినవి. నైరృతి ఋతుపవనము కేరళమున వర్షించి, తడి పోగొట్టుకొని, ఈ యిరుకున దూరి తూర్పునకు పరుగెత్తును. కాలువనీరు సన్నని తూమున జొచ్చినప్పు డెట్లు వడిగొనునో గాలియు నట్లే. ముప్పందలు గ్రామ మీ తావుననే యున్నది. చేర చోళ పాండ్యులు మువ్వురును మూడు పందిళ్లు వేయుటచే నా పేరు వచ్చినదని చెప్పుదురు. ఇసక్కియమ్మ గుడియు నిచ్చటనే కలదు.

కన్యాకుమారీ దర్శనమునకు బోవుచు మేము ఆషాఢమున ఇచ్చట దిగితిమి. ఎటు చూచినను తెల్లని స్తంభములు, వాని కొనల మూడేసి రెక్కలు. ఈ ప్రాంతపు యంత్రముల సామర్థ్యము దాదాపు 1500 మెగావాట్లని లెక్క. పాతవి పొట్టివి, వడిగా తిరుగును. క్రొత్తవి మూడు తాటిచెట్ల నొకదానిపై నొకటి నిలిపినంత యెత్తు. వానికి తొందర లేదు.

మన యింటి పంకాకు విద్యుత్తు నిచ్చి గాలి గొందుము. ఇచ్చట గాలి నిచ్చి విద్యుత్తు గొందురు. పాత యంత్రమున రెక్కలు నిమిషమునకు 40 చుట్లు తిరిగిన, లోపలి పండ్లచక్రము లా వేగమును 1000కి పైగా పెంచి జనరేటరును త్రిప్పును. గాలివేగము రెట్టింపైనచో అందలి శక్తి రెట్టింపు గాదు, 8 రెట్లగును. కనుకనే యీ కనుమ కింత గిరాకి. అట్లని గాలిలోని శక్తి నంతయు బిండుకొనరాదు. పిండినచో గాలి రెక్కల వెనుక నిలిచిపోయి, తరువాత వచ్చు గాలికి దారి యుండదు. నూటికి 59 పాళ్లకు మించి యిట్టి మర యేదియు గ్రహింపజాలదని మావారు చెప్పిరి.

ఈ విద్యకు ఆద్యులలో నొకడు వారివలె ఉపాధ్యాయుడే: డెన్మార్కు దేశీయుడగు పౌల్ లకూర్. ఆయన 1891లో ఆస్కోవ్ పాఠశాలయొద్ద గాలిమర నిలిపి, దాని విద్యుత్తుతో నీటిని విడదీసి, హైడ్రోజను వాయువును నిలువజేసి బడికి దీపములు వెలిగించెను. ఒక్కొక్కప్పు డా వాయువు ప్రేలి కిటికీ అద్దములు పగిలెడివట! ఈ మాట వినగానే నాకు ఆ పంతులుగారి భార్యపై జాలి గలిగినది.

మన దేశమున 1986లో తూత్తుకుడి సమీపమున ఇట్టి మరలు నిలిపి చూచిరి. పిమ్మట తమిళనాట నూలుమిల్లుల వారనేకులు తమ మిల్లులకై వీనిని కొనిరి. మనము కట్టు చీరలో ఈ కనుమగాలి పోగొకటి యుండవచ్చును.

బాటప్రక్క అరటిపండ్లమ్ము పెద్దమ్మ యొకతె మా మాటలు విని తెలుగున బలుకరించినది. పుట్టినిల్లు కోవిల్పట్టి వైపట. దూరపు స్తంభ మొకటి చూపి, "ఆ నేల మాదే తల్లీ. అమ్మేస్తిమి. దుడ్డు ఒక్క తూరి వచ్చె, అయిపాయె. గాలి మాత్రం ఏటేటా వస్తానే వుండాది" అనినది. ఆమె మాటలో కోపము లేదు. లెక్క మాత్రమే యున్నది. ఆ లెక్క సరియైనదే యని నాకు దోచినది. డెన్మార్కున 1980 ప్రాంతములనుండి గ్రామస్థులు పాళ్లు వేసికొని మరలు నిలిపి యాదాయము పంచుకొనిరి. నేల నమ్మక కవులు కిచ్చు పద్ధతియు గలదు. మన అనంతపురము జిల్లా మెట్టలమీదను ఇట్టి మరలు లేచినవి గదా. అచ్చటి గృహిణులు కాగితముపై వ్రాలు పడకముందే అది అమ్మకమో కవులో చదివి చూతురుగాక.

ఈ వింత చూడగోరు సోదరీమణులు వైశాఖము మొదలు భాద్రపదము లోపల పోవలెను. పిదప గాలి సన్నగిల్లును. జడ ముడిచికొని, కొంగు నడుమున గట్టిగా దోపుకొని బస్సు దిగవలెను. గొడు గచ్చట బనికిరాదు.