కార్ఖానాలో నెమ్మది రైలు

మా చెల్లెలు న్యూజెర్సీ నుంచి వస్తూ మావాడికి బొమ్మ రైలు తెచ్చింది. పట్టాలు బిగించి, ఇంజను నిలబెట్టి, దాని కరెంటు పెట్టెను మన ప్లగ్గులో గుచ్చాను. ఠప్‌మంది. పెట్టె అడుగున 120 వోల్టులని సన్నటి అక్షరాల్లో రాసి ఉన్న సంగతి పొగ వచ్చాక చదివాను. మన గోడలో ఉన్నది 230. ఇంజనుకు ఏమీ కాలేదు గానీ, దాన్ని నడిపే పెట్టె మసైంది. మావాడు రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

అలా ఒక ఆదివారం పొద్దున్నే ఇద్దరం జూబిలీ బస్ స్టేషన్ దాటి కార్ఖానాలో దిగాం. చూడబోయేది లాలాగూడ ఎలక్ట్రిక్ లోకో షెడ్డులో పనిచేసి రిటైరైన పెద్దాయనను. ఊరి పేరే కార్ఖానా కదా, మేడ మీద ఆయన రేకుల గది చూశాక ఆ పేరు ఆయన కోసమే పెట్టారేమో అనిపించింది. ఎనిమిదడుగుల ప్లైవుడ్ చెక్క మీద చుట్టూ తిరిగి వచ్చే పట్టాలు, థర్మోకోల్ కొండ, అగ్గిపెట్టెలతో కట్టిన స్టేషను. గోడకు వేలాడుతూ మీటరు, సోల్డరింగ్ ఐరన్, రకరకాల వైర్ల చుట్టలు.

"పట్టాల మధ్య 16.5 మిల్లీమీటర్లు," అన్నాడు మావాడి చేతికి స్కేలిచ్చి. "ఇది అసలు రైలుల 87వ వంతు. 87తోని గుణించు." వాడు ఫోన్లో లెక్కవేసి 1435 పైచిలుకు అన్నాడు. "చూసినవా, ఇది మన రైలు కాదు. మన బ్రాడ్‌గేజ్ 1676. ఈ లెక్కన 19 మిల్లీమీటర్లు దాటాలె. ఇది మన మెట్రోకు సరిపోతది." నిజమే, పరేడ్ గ్రౌండ్స్ మీదుగా పోయే మెట్రో పట్టాల వెడల్పు 1435 మిల్లీమీటర్లే. మన ఇంజన్ల బొమ్మలు చేసేవాళ్లు కూడా సాధారణంగా ఈ పట్టాల మీదే సర్దుకుంటారు. పెద్దాయనకు మాత్రం అది గుచ్చుతూనే ఉంటుందట.

నేను కాలిన పెట్టె సంచిలోంచి తీస్తుంటే, ఆయన దాన్ని వాసన చూసి పక్కన పెట్టేశాడు. ముందు తను చేసిన మొదటి కంట్రోలరు చూపించాడు. పెద్ద తీగచుట్ట రెసిస్టరు, దాని మీద జారే పిడి. పిడి జరిపితే ఇంజను కదల్లేదు. ఇంకాస్త జరిపాడు. కదల్లేదు. మరో వెంట్రుకవాసి జరిపేసరికి తూటాలా దూసుకుపోయి మలుపులో బోల్తా కొట్టింది. మావాడు పగలబడి నవ్వాడు.

ఆ తప్పు ఎక్కడుందో ఆయన చెప్పిన తీరు బాగుంది. ఆగి ఉన్న మోటరు ఎక్కువ కరెంటు గుంజుతుంది. ఎంత గుంజితే రెసిస్టరు అన్ని వోల్టులు మింగేస్తుంది, కదలడానికి శక్తి కావలసిన సమయంలోనే మోటరుకు అందదు. ఎలాగో కదిలిందా, కరెంటు తగ్గుతుంది, రెసిస్టరు మింగడం మానుతుంది, వోల్టులన్నీ ఒక్కసారి మోటరు మీద పడతాయి. "ఉరికించుడు ఎవ్వనికైనా వస్తది తమ్మీ. మెల్లగ నడిపిచ్చుడే కష్టం."

రెండోది ట్రాన్సిస్టరుది. రేకు రెక్కల హీట్ సింకు మీద 2ఎన్3055 అనే లావుపాటి ఇనప బిళ్ల. ఇది వోల్టేజిని చెప్పినచోట నిలబెడుతుంది కాబట్టి ఇంజను కుదురుగానే కదిలింది. కాసేపయ్యాక ముట్టుకోమన్నాడు. చేయి వెనక్కి లాక్కున్నాను. పన్నెండులో ఐదు వోల్టులు రైలుకిస్తే మిగిలిన ఏడూ ఇక్కడే వేడైపోతాయి. పాతకాలం ఫ్యాను రెగ్యులేటరు డబ్బా ఎందుకంత వేడెక్కేదో నాకు నలభై ఏళ్లకు అర్థమైంది.

మాకు చేసిపెట్టింది మూడో రకం. అందులో వోల్టులు తగ్గించడమనే మాటే లేదు. నిండుగా పన్నెండూ ఇస్తుంది, ఆపుతుంది, మళ్లీ ఇస్తుంది. ఉయ్యాలను ఆగి ఆగి తోసినట్టు. తోపు ఎక్కువసేపుంటే వేగం, కాస్తసేపే ఉంటే నెమ్మది. ఈ కోతల్ని లెక్కపెట్టేది ఎనిమిది కాళ్ల 555 చిప్పు. స్విట్జర్లాండ్‌లో పుట్టిన హాన్స్ కామెంజిండ్ 1971లో సిగ్నెటిక్స్ కంపెనీ కోసం గీసిన డిజైను. కోఠి గుజరాతీ గల్లీలో ఇప్పటికీ చిల్లరకే దొరుకుతుంది. దానికి లక్ష ఓముల పాట్ (రేడియో మెకానిక్కులు వాల్యూం అనే తిప్పుడు మీట), రెండు చిన్న డయోడ్లు, ఒక కెపాసిటరు. చిప్పు చెప్పినట్టల్లా కరెంటును తెరిచి మూసేది ఐఆర్ఎఫ్540 మాస్‌ఫెట్. ఇవన్నీ జీరో పీసీబీ మీద అతికించడానికి ఆయనకు గంట కూడా పట్టలేదు. 230 వైపు జోలికి మాత్రం పోలేదు. పాత సీసీ కెమెరాది 12 వోల్టుల అడాప్టరు తీసి, "పిల్లలుండే ఇంట్ల గోడ కరెంటు విప్పొద్దు" అని నా వైపు చూశాడు. నేను తల వంచుకున్నాను.

ముందుకు, వెనక్కు నడపడానికి ఆరు కాళ్ల స్విచ్చు. దానికి ముందే, అడ్డంగా ఒక 1ఎన్4007 డయోడు. కోత పడ్డ ప్రతిసారీ మోటరు చుట్ట విదిల్చే కరెంటును అది మళ్లిస్తుంది. స్విచ్చు తర్వాత పెడితే దిశ మార్చగానే షార్టే.

షార్టు మాట వచ్చింది కాబట్టి నాకు అన్నిటికన్నా నచ్చింది చెప్పాలి. పట్టాలు తప్పిన చక్రం రెండు పట్టాలనూ కలిపేస్తుంది, మాస్‌ఫెట్ కాలిపోతుంది. అందుకని కింద మెకానిక్ దగ్గర తెచ్చిన కారు ఇండికేటర్ బల్బు, 21 వాట్లది, దారిలో కలిపాడు. మామూలుగా అది వెలగదు, చల్లగా ఉన్న దాని తీగ కరెంటుకు పెద్దగా అడ్డురాదు. షార్టయితే భగ్గున వెలిగి, వేడెక్కి, కరెంటును రెండు ఆంపియర్ల లోపే పట్టి ఉంచుతుంది. మావాడు కావాలని నాలుగుసార్లు రైలును పడగొట్టాడు. నాలుగుసార్లూ దీపం వెలిగింది.

నడిపితే ఇంజను సన్నగా గుర్రుమంది. కెపాసిటరు మీద 104 అని ఉంది, అంటే సెకనుకు సుమారు 140 కోతలు. నాకు ఆ చప్పుడు నచ్చలేదు. ఆయన ఏమీ అనకుండా దాన్ని ఊడదీసి 102 వేశాడు. ఇప్పుడు 14 వేల పైమాట. "బందైంది" అన్నాడు. నాకూ నిశ్శబ్దమే. మావాడు మాత్రం చెవులు మూసుకున్నాడు.

"కీ... మంటోంది తాతా!"

పెద్దాయన ఇంజను దగ్గర చెవి పెట్టి విన్నాడు. తల అడ్డంగా ఊపాడు. అంత సన్నటి మోత వినే వయసు మా ఇద్దరికీ దాటిపోయింది. పైగా ఇంజను మెల్లగా కదలడంలో మునుపటి పట్టు పోయింది. కోతలు తక్కువగా ఉన్నప్పుడు ఒక్కో తోపూ మోటరును రాపిడి దాటించి కదిలిస్తుందట. మళ్లీ 104 వేశాడు. గుర్రుమన్నా సరే అనుకున్నాం.

టీ తాగుతూ షెడ్డు కబుర్లలోకి వెళ్లాడు. పాత డబ్ల్యూఏపీ-4 ఇంజన్లలో ట్యాప్ ఛేంజరు ఉండేది, 32 నాచ్‌లు. ఒక్కో నాచ్ ఎక్కుతుంటే వోల్టులు మెట్టు మెట్టుగా పెరిగేవి. ఆ తర్వాతి డబ్ల్యూఏపీ-7లో మెట్లు లేవు, కరెంటును కోసి కావలసిన తీరుగా మలచడమే. "గీ సబ్బుపెట్టెల చేసిందే, గాడ పెద్దగ చేస్తరు" అన్నాడు, బోర్డును నిజంగానే ఒక సబ్బుపెట్టెలో బిగిస్తూ.

చివరికి ఆయన పరీక్ష. పట్టా పక్కన అడుగు స్కేలు పెట్టి, మావాడిని గడియారం చూడమన్నాడు. మీట చీమంత తిప్పాడు. ఇంజను కదులుతోందా లేదా అని వంగి చూడాల్సి వచ్చింది. స్కేలు చివరకు చేరేసరికి నిమిషం దాటింది. ఆగలేదు, ఎగరలేదు.

డబ్బులు ఎంతన్నా తీసుకోలేదు. మెట్లు దిగుతుంటే పైనుంచి పిలిచాడు.

"ఆ కాలిన డబ్బా ఈడనే పెట్టిపో తమ్మీ. లోపల రాగితీగ ఉంటే పనికొస్తది."