సంగటికి ఎన్ని మార్కులు?

బెంచ్‌మార్క్ అనే మాట మా ఇంట్లో ఇప్పుడు ఉప్పు, చింతపండు మాదిరి అయిపోయింది. మా పాప హైదరాబాదులో ఒక కంప్యూటర్ కంపెనీలో పనిచేస్తుంది. కొత్త మిషన్లు, కొత్త ప్రోగ్రాములు ఎంత వేగంగా నడుస్తున్నాయో కొలిచి లెక్క రాయడం తన పని. "పొయ్యి మీద పాలు ఎంతసేపటికి పొంగుతాయో గడియారం పెట్టుకుని చూస్తే జీతమిస్తారా?" అని మా ఆయన మొదట్లో ఆటపట్టించేవారు.

సంక్రాంతికి నారాయణాద్రిలో వచ్చింది. తిరిగి పోయేటప్పుడు ఎప్పటిలాగే రెండు కిలోల రాగిపిండి, ఒక సీసా చెనక్కాయల పొడి కట్టి పెట్టాను. పొడి తీసుకుంది. "రాగిపిండి వద్దులేమా" అని పొట్లం పక్కన పెట్టేసింది.

కారణం చెప్పించడానికి రాత్రి దాకా పట్టింది.

వాళ్ల టీములో ఎనిమిది మంది ఒంటిగంటకు కలిసి తింటారట. గోడ మీది తెల్లబోర్డులో ఒక పట్టిక గీశారు. ఎవరు ఎన్ని నిమిషాల్లో తింటారు, డబ్బాలో ఎన్ని రకాలు ఉన్నాయి, పక్కవాళ్ల డబ్బాలోకి ఎన్నిసార్లు చేయి పెట్టారు, అన్నిటికీ మార్కులే. రోజూ పెరుగన్నం తెచ్చే అబ్బాయి 'స్టేబుల్ వెర్షన్'. పదకొండున్నరకే మూత తీసే అమ్మాయి 'ప్రీలోడింగ్'. అందరి కూరలూ రుచి చూసే పెద్దాయన 'షేర్డ్ మెమరీ'. వింటూ నేనూ నవ్వాను. మా ఆయన ఆఫీసులో కూడా ఇట్లాంటి పేర్లకు కొదవ లేదు.

పాప సంగటికి 'సింగిల్ కోర్' అని పెట్టారు. ఒకటే ముద్ద, ఒకటే రంగు కదా! తర్వాత అది 'పాత మోడల్' అయింది. ఆ తర్వాత 'సిమెంటు'. నెల రోజులు ఇదే పాట. పాప వాళ్లతో పాటు తనూ నవ్వింది. ఒకరోజు డబ్బా తీసుకుపోవడం మానేసింది. మధ్యాహ్నం రెండు బిస్కెట్లు, టీ.

"అందరూ నవ్వతా ఉంటే నేనొక్కదాన్నే మొహం మాడ్చుకుంటే బాగుండదు కదమా" అంది.

ఇంకో సంగతి కూడా చెప్పింది. వాళ్లలో ఒకరి పుట్టినరోజుకు అందరూ రాయలసీమ భోజనం పెట్టే హోటలుకు పోయి, సంగటి, నాటుకోడి పులుసు తెప్పించుకుని, ఫోటోలు తీసుకుని మరీ తిన్నారట!

నాకు కోపం వచ్చింది. కానీ వాళ్లను తిట్టి ఏం లాభం? దాని పని గురించే అడిగాను. మీరు కొలిచేది ఎట్లా కొలుస్తారు పాపా అని. ఇక ఆపలేదు.

బెంచ్‌మార్క్ అనేది అసలు సర్వే వాళ్ల మాట అట. ఎత్తు కొలవడానికి రాయి మీద చెక్కే గుర్తు. మన రైల్వే స్టేషన్ల పసుపు బోర్డు మీద సముద్రమట్టం నుంచి ఎత్తు రాసి ఉంటుంది చూడండి, అట్లాంటి లెక్కలకు ఆధారం అది. కంప్యూటర్లకు 1972లో వెట్‌స్టోన్ అనే పరీక్ష రాశారు. 1984లో ఇంకొకాయన తన పరీక్షకు డ్రైస్టోన్ అని పేరు పెట్టాడు. వెట్ అంటే తడి కాబట్టి ఇది పొడి! హాస్యం అప్పటి నుంచే ఉందన్నమాట. వ్యాక్స్ 11/780 అనే మిషన్ ఆ పరీక్షను సెకనుకు 1757 సార్లు చేసిందని, దాన్నే ఒకటిగా పెట్టుకుని మిగతావాటిని పోల్చేవాళ్లు. అయితే అది చిన్న ప్రోగ్రాము. పరీక్షలో మార్కులొచ్చేట్టు కంపైలర్లను దిద్దుకోవడం కుదిరింది. అందుకే 1988లో స్పెక్ అనే సంస్థ ఏర్పడి, జనం నిజంగా వాడే ప్రోగ్రాములతోనే కొలవడం మొదలుపెట్టింది.

మన చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో పుట్టిన రాజ్ రెడ్డి గారి సంగతీ చెప్పింది. వాళ్లది రైతు కుటుంబం, తల్లి నాలాగే ఇల్లాలు. 1971లో అమెరికా రక్షణశాఖ పరిశోధన సంస్థ ఒక లక్ష్యం పెట్టింది. ఐదేళ్లలో వెయ్యి మాటలు విని అర్థం చేసుకోవాలి, తప్పులు నూటికి పది లోపే ఉండాలి. కార్నెగీ మెలన్‌లో ఆయన బృందం చేసిన హార్పీ 1976కు 1011 మాటలతో ఆ గీత దాటింది. ఆయనకు 1994లో ట్యూరింగ్ అవార్డు వచ్చింది. అక్కడ కొలత ముందే చెప్పారు, మధ్యలో మార్చలేదు.

"మరి సంగటి నమిలేది కాదు, మింగేది. నిమిషాల లెక్కలో మొదటి మార్కు నీకే రావాలి కదే?" అన్నాను.

పాప పకపకా నవ్వింది. "రోజూ ఫస్టే వచ్చేదాన్నిమా. అందుకే ఆ గడి చెరిపేసి, రంగుకు మార్కులు పెట్టినారు!"

ఇంకేం చెప్పాలి! ఏ పనికి అని అడగకుండా కొలిస్తే ఇట్లాగే ఉంటుంది. సంగటి పుట్టింది ఏసీ గదిలో మార్కుల కోసం కాదు. పొద్దున్నే చెనక్కాయ చేలో నడుం వంచినవాళ్లు పొద్దు వాలేదాకా నిలబడడానికి. బియ్యం మెత్తగా ఉడికాక పిండి పోసి, మగ్గనిచ్చి, ఉండ కట్టకుండా తెడ్డుతో కలిపేటప్పటికి రెక్కలు పడిపోతాయి. ఆ చాకిరీకి బోర్డులో గడే లేదు.

ఆఫీసుల్లో మన పిల్లలు నవ్వుకోవాలి, నవ్వుకోకపోతే ఆ పని చేయలేరు. కానీ ఒకరి డబ్బా రావడం ఆగిపోతే, పక్కన కూర్చున్నవాళ్లు ఒక్కరైనా ఎందుకని అడగాలి. ఎనిమిది మందిలో ఎవరూ అడగలేదన్నదే నాకు సిమెంటు మాట కన్నా ఎక్కువ గుచ్చుకుంది.

పాప ఒక కిలో పిండి తీసుకుపోయింది. డబ్బాలో పెడుతోందో, రూములోనే తింటోందో నేను అడగడం లేదు. మొన్న రాత్రి ఫోన్ చేసి, "గ్లాసు బియ్యానికి నీళ్లు ఎన్నిమా? ఇద్దరికి కావాల" అంది. ఆ రెండో మనిషి ఎవరో కూడా అడగలేదు. ఐదు గ్లాసులు పొయ్యమన్నాను.