జేబులో రోటర్, తెరపై హీరో!

హీరోయిన్ని విలన్ ఎత్తుకుపోతే హీరో గుర్రమెక్కి వెంటపడతాడు. మరి కారే మన హీరోయినైతే?

మాది 1982 ప్రీమియర్ పద్మిని. ఊళ్లో అందరికీ ‘ఫియట్టే’. నాన్నని అవనిగడ్డ నుంచి చివరిసారి బందరు ఆస్పత్రికి తీసుకెళ్లింది అందులోనే. అందుకే నాకు దానిమీద అంత పిచ్చి!

ఆమధ్య గుడివాడలో సెకండ్ షో చూసి బయటికొచ్చానో లేదో, గుండె జారిపోయింది. కారు తలుపు బార్లా తీసుంది. డాష్‌బోర్డు కింద వైర్లు వేలాడుతున్నాయి. బండి మాత్రం అక్కడే ఉంది! దొంగగారు ఎంత తంటాలుపడ్డా స్టార్ట్ కాలేదు. ఎలా అవుతుంది? రోటర్ నా జేబులో ఉందిగా!

ఆ కిటుకు చెప్పింది మా బందరు మెకానిక్. “పాత బండి తాళం ఎవడైనా తీస్తాడు బాబూ! డెల్కో మూత తీసి ఈ రోటర్ లాగేసుకో. ప్లగ్గులకి కరెంటందదు. ఇంజను తిరుగుతుంది గానీ అంటుకోదు” అన్నాడు. అరచేతిలో ఇమిడే ముక్క!

అయితే తాడు కట్టి లాక్కుపోయేవాణ్ణి రోటర్ ఆపలేదు. అందుకని స్టీరింగుకి ఇనప లాకు వేశాను, లోపల జీపీఎస్ దాచాను. ఇన్సూరెన్సు కాయితం తీసి చూస్తే ఇంకో షాకు. ఉత్త థర్డ్ పార్టీ పాలసీకి దొంగతనం వర్తించదట! బండి విలువ ముందే ఒప్పుకుని పూర్తి పాలసీ కట్టాను.

2023 అక్టోబరులో బొంబాయి టాక్సీల్లోంచి కూడా పద్మినిలు తప్పుకున్నాయి. వెతికితే మరో బండి దొరకొచ్చు. నాన్న కూర్చున్న సీటు దొరకదు కదా!

ఇప్పటికీ విజిలేసే ముందు జేబు తడుముకుంటాను. రోటర్ చేతికి తగిలాకే హీరోగారి ఫైటు!