కాపలా లేని కొట్టు

పంటచేనికి మంచె, ఊరికి తలారి, కొట్టుకు తాళము. కాపలా విలువ మన పెద్దలు ఎరుగనిది కాదు. కాని రాత్రింబవళ్ళు పనిచేయు సర్వరుకు కాపలా ఎవరని తెలుగు ఎం.ఏ. చదివిన మేము ఏనాడును ఆలోచింపలేదు. ఆ ఆలోచన ఒక వృద్ధ గుమాస్తా గారి వలన కలిగినది.

మా భాయీజాన్ కర్నూలులో మందుల టోకు వ్యాపారము చేయుదురు. నంద్యాలలో ఒక శాఖ కలదు. రెండు సర్వర్లు, పదునాలుగు కంప్యూటర్లు. 2022 వానకాలమున ఒకనాటి రాత్రి లెక్కల సర్వరులోని డిస్కు చెడిపోయినది. ప్రతి రాత్రి నకలు తీయు ఏర్పాటు ఉన్నది గదా అని అందరును నిబ్బరముగా ఉండిరి. తీరా చూడగా, నకలు దాచు డిస్కు 23 దినముల క్రిందటనే నిండిపోయినది. అటుపై ఒక్క నకలైనను పడలేదు. యంత్రము ఆ సంగతిని తన చిట్టాలో ప్రతి రాత్రి వ్రాసికొనుచునే ఉన్నది, చదివినవారు లేరు.

ఆ 23 దినముల వసూళ్ళకు లెక్క తేలలేదు. ముప్పది ఏండ్లుగా నగదు పెట్టె చూచుచున్న గుమాస్తా గారిని భాయీజాన్ ఒక ప్రశ్న అడిగిరి. ప్రశ్న చిన్నదే, అందులోని అనుమానము పెద్దది. ఆయన తాళపుచెవులు బల్లపై ఉంచి, మాటాడక ఇంటికి వెడలిపోయిరి. పిదప దుకాణదారుల వద్దనున్న కాగితపు బిల్లులు తెప్పించి, మేమును కూర్చుండి పది దినములు లెక్క కట్టగా ఒక్క రూపాయి తేడా లేదు. భాయీజాన్ స్వయముగా వారి ఇంటికి వెళ్ళి క్షమాపణ కోరిరి. అప్పుడా పెద్దాయన మావైపు తిరిగి, "డిస్కు నిండిందని ముందే చెప్పే దిక్కు లేకపోయిందా మాస్టారూ?" అని అడిగిరి. దానికి జవాబు వెదకుట మా పని అయినది.

ఈ విద్య కొత్తది కాదు. 1983లో మైక్ మూస్ వ్రాసిన పింగ్, దూరపు యంత్రమును పలుకరించి, బదులు వచ్చుటకు పట్టిన కాలమును చెప్పును. 1994లో ఇంగ్లండునందలి డి మాంట్‌ఫర్ట్ విశ్వవిద్యాలయమున వెయ్యికి పైగా కంప్యూటర్లకు 64 కిలోబిట్ల లైను ఒక్కటే ఉండెడిది. దానిపై రద్దీ ఎంతో చూపుటకై టోబియాస్ ఓటికర్ ఎమ్.ఆర్.టి.జి.ని సిద్ధపరచిరి. కొరతలో పుట్టిన ఆ పరికరపు కథ మాకు ధైర్యము నిచ్చినది.

మేము విచారించిన వెలగల పరికరములు యంత్రమునకింత, లేదా కనిపెట్టు అంశమునకింత అని ఏటేట సొమ్ము కోరినవి. డిస్కు, మెమరీ, ప్రాసెసరు, లైను అని విడివిడిగా ఎంచిన, ఒక్క సర్వరుకే అంశములు పదులలో తేలును. ఉచితముగా లభించువానిలో, 1999లో నెట్‌సెయింట్ పేరుతో వెలువడిన నాగియోస్ దృఢమైనది. అయితే ఏమేమి చూడవలెనో ఫైళ్ళలో వ్రాసి చెప్పవలెను. అప్‌టైమ్ కూమా ఒక పూటలో అమరును. యంత్రము పలుకుచున్నదా లేదా అనునది చూచుటయే దాని ముఖ్యమైన పని. లాట్వియాలో పుట్టిన జాబిక్స్, సర్వరులో చిన్న ఏజెంటును ఉంచి డిస్కు నిండుదలను సైతము కొలుచును. మాకు దెబ్బ తగిలినది అక్కడనే గనుక దానిని ఎంచుకొంటిమి. లైసెన్సు రుసుము లేదు. అట్లని ఖర్చే లేదనరాదు: ఒక పాత కంప్యూటరు, కరెంటు, రెండు ఆదివారములు శ్రమించిన మా పూర్వ విద్యార్థికి తగు ప్రతిఫలము.

ఆ కంప్యూటరును నంద్యాలలో ఉంచితిమి. కర్నూలు కొట్టులో కరెంటు పోయినను కబురు అందవలెను గదా! మొదటి వారము హెచ్చరికలు వడగండ్లవలె కురిసినవి. మూడవ దినమునకే ఫోను చూచుట అందరును మానిరి. అప్పుడు ఆరింటిని మాత్రమే నిలిపితిమి: రెండు సర్వర్లు, రెండు ఊళ్ళ ఇంటర్నెట్టు, డిస్కు, నకలు. డిస్కు 80 శాతము నిండగానే కబురు వచ్చును. నకలు ముగిసినదను సమాచారము 26 గంటలలో రానిచో, ఆ మౌనమునే అపాయముగా ఎంచి హెచ్చరించును. అయినను నకలు పడినంత మాత్రమున అది పనికివచ్చునని నమ్మరాదు. నెలకొకసారి దానినుండి ఒక దినపు లెక్కను తిరిగి తెరిపించి సరిచూచుట గుమాస్తా గారి పని. హెచ్చరికలు చేరు ఫోనులలోను వారిదే మొదటిది.

మొన్న ఒక వేకువజామున భాయీజాన్ ఫోను మ్రోగినది. "బాబూ, డిస్కు ఎనభై దాటింది. తెల్లారగానే మనిషిని పిలిపించండి" అని ఆ వృద్ధుని కంఠము.

విద్యార్థులారా! రేపు మీరును దుకాణములు, కార్యాలయములు నడపుదురు. పరికరము కొనునపుడు వెల ఒక్కటే అడుగకుడు. అది చెప్పు మాటను వినువారెవరో ముందుగా నిర్ణయించుకొనుడు. వినువారు లేనిచో యంత్రము చేసిన తప్పుకు మనిషి దోషియై నిలుచును.