మూడో తరగతి లెక్క

మూడో తరగతి అంటే ఎనిమిదేండ్ల పిల్లలు. మన సభల్లో చదువు మాట వస్తే యూనివర్సిటీ దగ్గర మొదలవుతది. ఫెలోషిప్పులు, హాస్టళ్ళు, రోస్టరు. అవన్నీ కొట్లాడి తెచ్చుకోవాల్సినవే, కాదనను. కాని వాడ పిల్ల ఆ గేటు దాకా వస్తదా, నడుమనే పత్తి చేన్లకు పోతదా అన్నది అంతకు పదేండ్ల ముందే, రెండు గదుల ప్రైమరీ బడిలో తేలిపోతున్నది. పన్నెండేండ్ల నుంచి సర్కారు బడిలో, అందులో ఎక్కువ కాలం మూడో తరగతికే పాఠం చెప్పిన టీచరుగా, మాదిగింట పుట్టి ఇంట్లో మొదటి డిగ్రీ తెచ్చుకున్నదానిగా ఈ ముచ్చట చెప్తున్న.

మూడో తరగతే ఎందుకంటే, రెండు దాకా అక్షరాలను పట్టుకునుడే పని. మూడుకు రాంగనే పరిసరాల విజ్ఞానం అని ఒక కొత్త పుస్తకం చేతిలో పెడతం. లెక్కల్లో కూడ ఉత్త అంకెలుండవు, 'రాము దగ్గర ఇన్ని ఉన్నవి, ఇన్ని ఇచ్చెను' అని మాటలుంటయి. చదవరాని పిల్లకు అక్కడ తెలుగు ఒక్కటే పోదు, అన్ని సబ్జెక్టులూ ఒక్కసారే పోతయి. ఆ సంగతి సర్కారుకూ తెలుసు. 2021లో కేంద్రం నిపుణ్ భారత్ అని పెట్టి, మూడో తరగతి అయిపోయేసరికి పిల్లలు నిమిషానికి 60 మాటలు అర్థం చేసుకుంట చదవాలె, 9999 దాకా అంకెలు రాయాలె అన్నది. 2022లో మన రాష్ట్రంలో తొలిమెట్టు వచ్చింది. అసర్ సర్వేవాళ్ళ లెక్క ప్రకారం దేశంలో సర్కారు బడుల మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినోళ్ళు 2022లో నూటికి 16.3 మంది, 2024లో 23.4 మంది. పెరిగిందని సంబురపడొచ్చు. నలుగురిలో ముగ్గురు ఇంకా చదవలేకపోతున్నరని కూడ అనొచ్చు. ఆ ముగ్గురు ఎవరి పిల్లలో తెలుసుకోవాలంటే మా హాజరు పట్టీ తెరిస్తే చాలు. పైసలున్నోళ్ళ పిల్లలు పొద్దుగాల్నే పసుపుపచ్చ బస్సెక్కి పోతున్నరు.

లెక్కల్లో పెద్ద గండం తీసివేత. 52లో నుంచి 27 తీసెయ్యాలె. రెండులో నుంచి ఏడు పోదు. పక్క పదుల ఇంటికి పోయి ఒక పది అప్పు తెచ్చుకోవాలె అని పంతుళ్ళు తరతరాలుగా చెప్పుకొచ్చిన్రు. ఒకనాడు ఇట్లనే చెప్తుంటే వెనక వరుస పిల్లగాడు లేచి అడిగిండు: "మల్ల ఆ పది ఎప్పుడు కట్టాలె టీచర్? మిత్తి ఎంత?" కొందరు నవ్విన్రు. వాడ పిల్లలు నవ్వకుండ జవాబు కోసం నా మొఖం దిక్కే చూసిన్రు. నూటికి మూడు రూపాయలంటే నెలకని, ఏడాదికి ముప్పై ఆరు అవుతదని వాండ్లకు ఇంటికాన్నే తెలుసు. అప్పు తెచ్చి తిరిగి కట్టకపోవుడు ఏ లోకంలో ఉంటదని వాని అనుమానం. సరైన అనుమానమే. పుల్లల కట్టలు తెచ్చి చూపించిన. "ఇది అప్పు కాదు బిడ్డా. యాభై మనదే, రెండూ మనదే. మన కట్టనే మనం ఇప్పుకుంటున్నం." అప్పటి నుంచి మా తరగతిలో 'అప్పు తెచ్చుకో' అనం, 'కట్ట ఇప్పు' అంటం. పరీక్ష పేపర్లో ఏ మాట ఉన్నా వాండ్లకు తేడా రాదు.

ఈ లెక్కలంటే నాకు ఇంత పట్టింపు ఎందుకంటే దానికో కత ఉన్నది. మా నాయిన ఒక పటేలు దగ్గర జీతమున్నడు. ఉగాది నుంచి ఉగాదికి ఏడాది జీతం. వెట్టి చాకిరిని రద్దు చేసే చట్టం 1976లోనే వచ్చింది, మా ఊరికి మాత్రం అది కాలి నడకన వస్తున్నది. 1997 ఉగాదికి నేను మూడో తరగతి అయిపోవస్తున్న. లెక్క తెంపడానికి నాయిన పోతుంటే ఎంబడి పోయిన. ఆరువేల జీతంలో నాయిన నడుమ తెచ్చుకున్న పైసలు ఒక కాయిదం మీద రాసి ఉన్నయి. 1500, 800, 650, 1200. కింద గీత గీసి 4650 అని రాసిన్రు. నేను గోడకు కూసోని నా పలక మీద కూడిన. 4150 వచ్చింది. మల్ల కూడిన. అదే వచ్చింది. "నాయినా, ఐదు వందలు ఎక్కువ రాసిన్రే" అన్న. నాయిన నా నోటి మీద చెయ్యి పెట్టిండు. ఆ చెయ్యి సున్నం వాసన వచ్చేది. పటేలు పలక దిక్కు చూసిండు, "ఆడివిల్లకు సదువెందుకురా, పనిల పెట్టు" అన్నడు. ఐదు వందలు రాలేదు. ఆ రాత్రి నాయిన నన్ను బుడ్డి దీపం ముంగట కూసోబెట్టి ఆ నాలుగు అంకెలు మూడుసార్లు కూడిపిచ్చుకున్నడు. ఒక్కొక్కటి కూడినప్పుడల్లా వేలు మడిచిండు. తెల్లారి నన్ను పత్తి చేనుకు పంపలేదు, బడికి పంపిండు. మా అవ్వ ఇప్పటికీ అంటది, ఆ ఐదు వందలే నీ ఫీజు బిడ్డా అని.

తెలుగు సంగతి వేరు. మూడో తరగతిలో ఒత్తులు, సంయుక్తాక్షరాలు గట్టిపడాలె. నా చిన్నప్పటి పంతులు ఒకాయన నన్ను లేపి 'చెట్టు' అనమనేటోడు. నేను 'సెట్టు' అంటే "మీ నాలుకలకు కూడ తోలు మందమే" అని నవ్వేటోడు. తరగతి మొత్తం నవ్వేది. ఆ ఏడాది నేను బడిలో నోరిప్పి మాట్లాడిన మాటలు లెక్క పెట్టొచ్చు. నా పిల్లలతో ఇప్పుడు బోర్డు మీద రెండు వరుసలు రాయిస్త. ఇంటి మాట ఒక దిక్కు, పుస్తకం మాట ఒక దిక్కు. కైకిలి, కూలి. బువ్వ, అన్నం. మిత్తి, వడ్డీ. ఎవరింట్లో ఎన్ని మాటలున్నయో అట్ల బయటపడతది. వాడ పిల్లలు ఆరె, రంపె, లంద, మోట, సిర్ర అని రాస్తుంటే పుస్తకం దిక్కు గడి ఖాళీగ ఉంటది. ఖాళీగ ఉండనీ అంట. ఒత్తులు ఆ మాటలతోనే నేర్పొచ్చు, 'డప్పు'లో ప ఒత్తు లేదా?

ఇగ పరిసరాల విజ్ఞానం. ఈ పుస్తకమే అన్నిటికంటె మంచిది, అన్నిటికంటె ప్రమాదం కూడ. కుటుంబం, తిండి, నీళ్ళు, ఇండ్లు, పనులు, ఊరు. ఒక్కో పాఠం పిల్ల ఇంట్లోకే నడిచి వస్తది. వృత్తుల పాఠంలో చెప్పులు కుట్టే మనిషి మాట రాంగనే ఇరవై తలకాయలు ఒక్క పిల్ల దిక్కు తిరుగుతయి. చిన్నప్పుడు నా దిక్కు తిరిగినయి. అప్పుడు నా బల్ల కిందికి పోవాలనిపించింది.

ఇప్పుడు ఆ పాఠం నాడు వాడ నుంచి ఒక ముసలితాతను బడికి పిలుస్త. కుర్చీ వేసి కూసోబెడత. పచ్చి తోలుకు సున్నం ఎందుకు పెడతరు? వెంట్రుక వదులు కావాలె. తంగేడు చెక్క ఎందుకు? ఆ చెక్క రసం ఎక్కితే తోలు కుళ్ళదు. ఎన్ని దినాలు నాననియ్యాలె, ఎప్పుడు తిప్పాలె, చేతితో పట్టి ఎట్ల గుర్తుపట్టాలె, అన్నీ చెప్తడు. రసాయన శాస్త్రం అని నేను ఒక్క మాట కలుపుత, అంతే. తంగేడు ఇప్పుడు మన రాష్ట్ర పుష్పం. బతుకమ్మలో పేర్చేది పువ్వు, లందలో వేసేది చెక్క, చెట్టు ఒక్కటే. తాత తోలుతో మోట బొక్కెన కుట్టకపోతే మోటబాయి కింద వరి ఎట్ల పారేది అని అడిగితే పటేళ్ళ మనుమడు కూడ ఆలోచనలో పడతడు. తర్వాత డప్పు. కాపకముందు ఒక దెబ్బ, మంట మీద కాపినంక ఒక దెబ్బ. సప్పుడు ఎందుకు మారింది? తేమ పోయి తోలు బిగుసుకున్నది. ఈ ప్రయోగానికి ల్యాబు అక్కరలేదు. మూడో ఎక్కం కూడ డప్పు మీదనే చెప్పిస్త. ప్రతి మూడో దెబ్బకు అంకె చెప్పాలె. ఎక్కాలు అట్ల వచ్చినంత జల్ది కంఠస్తంతో రావు. కంచ ఐలయ్య 2007లో కుల వృత్తుల వెనక ఉన్న విజ్ఞానం మీద పిల్లల కోసం ఇంగ్లీషులో ఒక పుస్తకం రాసిండు, దుర్గాబాయి వ్యామ్ బొమ్మలేసింది. మన బడుల్లో అది ప్రతి టీచరు టేబుల్ మీద ఉండాల్సింది.

తిండి పాఠం ఇంకా కష్టం. "మీ ఇంట్ల ఏమేం తింటరు?" అని అడగాలె. పిల్లలు పప్పు, కోడికూర, చేపలు అంటరు. ఒకసారి ఒక పిల్ల సంబురంగ "పెద్దకూర" అన్నది. గుసగుసలు మొదలైనయి. బోర్డు మీద కోడి, మేక, చేప రాసిన వరుసలోనే, అంతే పెద్ద అక్షరాలతో పెద్దకూర అని రాసిన. ఆహారం నిలవ చేసుడు గురించి చెప్పేటప్పుడు పచ్చళ్ళు, వడియాల పక్కన ఒట్టి తునకలు చేర్చిన. ఉప్పు, ఎండ, గాలి, అన్నిట్లో సూత్రం ఒక్కటే. మరునాడు ఒకాయన వచ్చి బడిలో ఇవన్నీ ఎందుకన్నడు. పాఠం పేరు చదివి వినిపించిన, 'మనం తినే ఆహారం'. 'మనం' అంటే ఎవరు అని నేను ఆయన్ని అడిగిన. ఆయన పోయిండు, తర్వాత మూడు నెలలు నాతో మాట్లాడలేదు.

పుస్తకంలేని పాఠం మధ్యాహ్నం నడుస్తది. వండిన అన్నం పెట్టాలని సుప్రీంకోర్టు 2001లో చెప్పింది. మన దగ్గర 2003 జనవరిలో మొదలైంది. వంటకు ఎస్సీ, ఎస్టీలను ముందు తీసుకోవాలని 2004లో అదే కోర్టు అన్నది. మా బడిలో వండే ఆమె మా వాడ ఆమె. ఒకటో తరగతి పిల్లలు ఆమె చెయ్యి పట్టుకోని ఇంకో గరిటె అడుగుతరు. మూడో తరగతికి వచ్చేసరికి ఇద్దరు ముగ్గురు డబ్బా తెచ్చుకుంటరు. "మా నానమ్మ వద్దన్నది టీచర్" అంటరు. అదీ ఎనిమిదేండ్లకే నేర్చుకుంటున్నరు, ఒత్తుల కంటె తొందరగ. నేను ఆ పూట పిల్లల నడుమ కూసోని అదే అన్నం తింట. నా కులం వాండ్లకు తెలుసు. డబ్బా పిల్లల్లో ఒకడు రోజూ నా పల్లెం దిక్కు చూస్తుండె. దసరా సెలవుల తర్వాత డబ్బా తేవుడు బంద్ చేసిండు.

ఇంగ్లీషు గురించి మనోళ్ళలోనే రెండు మాటలున్నయి. 2022లో సర్కారు బడుల్లో ఇంగ్లీషు మీడియం వచ్చింది. పుస్తకంలో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు. తల్లి భాష పోతదని బాధపడే పెద్దమనుషుల పిల్లలు ఏ బడిలో చదివిన్రో నేను అడగను. ఉర్దూ రాజ్యమేలే హైదరాబాదులో భాగ్యరెడ్డి వర్మ 1910 నుంచి మన పిల్లలకు బడులు పెట్టి తెలుగులో చెప్పించిండు. అప్పటి అవసరం అది. నేను ఏబీసీడీలు ఐదో తరగతిలో దిద్దిన, డిగ్రీలో దానికి మూల్యం కట్టిన. మా పిల్లలకు రెండు పేజీలూ కావాలె. రెండు పేజీలూ చెప్పే టీచర్లు మాత్రం ఐదు తరగతులకు ఇద్దరమే ఉన్నం.

మొన్న దిక్కుల పాఠం అయినంక ఊరి పటం గీయమన్న. అందరూ ముందు గుడి గీసిన్రు, తర్వాత పంచాయతి ఆఫీసు, పటేళ్ళ ఇండ్లు. వాడను తూర్పు అంచున, మోరి నీళ్ళు పారే దిక్కున, నాలుగు గీతల్లో పెట్టిన్రు. వాడ పిల్లలు కూడ అట్లనే గీసిన్రు. ఒక్క పిల్ల మాత్రం వాళ్ళ ఇల్లు కాయిదం నడుమ వేసింది. చింతచెట్టు, అంబేడ్కర్ బొమ్మ, చర్చి, నల్లా, కుక్క, అవ్వ మంచం, వరుసగ పదిహేడు ఇండ్లు, ఏ ఇంట్లో ఎందరో కూడ రాసింది. ఊరు ఒక మూలకు గుండీ అంత ఉన్నది.

"ఊరు గింత చిన్నగ వేసినవేందమ్మా?" అన్న.

"కాయిదం అయిపోయింది టీచర్."

ఆ పటం గోడకు అతికించిన. పిల్లలు గుంపుగ నిలబడి తమ ఇండ్లు వెతుక్కుంటున్నరు. దొరకనోళ్ళు ఇంకో కాయిదం అడుగుతున్నరు.