వెండి పతకం చెప్పిన పాఠం

2016 ఆగస్టు 22న శంషాబాద్ విమానాశ్రయం దారిలో మా అమ్మాయి చేయి పట్టుకొని జనంలో నిలబడ్డాను. రియో ఒలింపిక్స్ నుండి వెండి పతకంతో వస్తున్న పి.వి. సింధును చూడాలని మా ఆశ. మెహదీపట్నంలోని సెయింట్ ఆన్స్ మహిళా కళాశాలలో చదువుకున్న మన హైదరాబాదు అమ్మాయి ఆమె.

19వ తేదీన జరిగిన ఫైనల్లో మొదటి గేము 21-19తో గెలిచి, తర్వాతి రెండూ స్పెయిన్‌కు చెందిన కరోలినా మారిన్‌కు కోల్పోయింది. గెలిచిన మారిన్ నేలమీద పడి ఏడుస్తుంటే, ఓడిన సింధు వెళ్లి కౌగిలించుకొంది. ఆ క్షణం నుండి నేను ఆమెకు అభిమానిని.

పైకప్పు లేని బస్సు మీద సింధు కనబడగానే జనం కేకలు వేశారు. మా అమ్మాయి నా వైపు చూసి, "సింధక్క కూడా సెకండే కదా నాన్నా!" అంది.

నాకు మాట రాలేదు. తరగతిలో సెకండ్ వచ్చిందని అంతకు కొద్ది రోజుల ముందే దాన్ని నలుగురిలో గద్దించాను. ప్రసంగ పీఠం మీద కృపను గూర్చి చెప్పే నేను ఇంట్లో మార్కులు లెక్కపెట్టాను.

ఆ రాత్రి భోజనాల దగ్గర, "నన్ను క్షమించమ్మా" అని అడిగాను.

తల్లిదండ్రులారా, ఓడి వచ్చిన బిడ్డకు మనమే ముందుగా ఎదురు వెళ్దాం.